విలియమ్సన్ కౌంటీకి 'బ్లడీ విలియమ్సన్' అనే పేరు ఎందుకొచ్చింది? ఇప్పుడు అక్కడ ఉండొచ్చా?

మీరు అడిగింది ఇది: తమ్ముడికి కార్బండేల్‌లోని సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో సీటొచ్చింది. అద్దె కలిసొస్తుందని పక్క కౌంటీలోని మేరియన్‌లో గది చూసుకుంటున్నాడు. ఇంట్లో ఎవరో ఊరి పేరు కొట్టి వెతికితే 'బ్లడీ విలియమ్సన్' అంటూ హత్యలు, ముఠాలు, ఉరికంబాలు కనిపించాయి. అమ్మగారికి టెన్షన్ పట్టుకుంది. ఇంత చిన్న పల్లెటూరి కౌంటీలో అన్ని హత్యలు ఎందుకు జరిగాయి, ఇప్పుడు పరిస్థితి ఏమిటి అని.

రెండో ప్రశ్నకు ముందే చెప్పేస్తాను. ఆ కథలన్నీ నిజమే, కానీ దాదాపు వందేళ్ల నాటివి. ఇప్పుడు అక్కడ ఉండటానికి భయపడాల్సిన పని లేదు. నేను ఈ చుట్టుపక్కలే చదువుకుని, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడినవాణ్ణి. పాత పత్రికలు తిరగేయడం నాకో పిచ్చి. అందుకే మొదటి ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబే ఇస్తాను, ఓపిక చేసుకోండి.

'ఇక్కడి జనం దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, కోపిష్టి రక్తం' అని చాలామంది తేల్చేస్తారు. టెనెసీ, కెంటకీల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువన్నది నిజమే. అలాంటి కుటుంబాలే పక్క కౌంటీల్లోనూ ఉన్నాయి, వాటికి ఈ పేరు రాలేదు. నేను చదివినంతలో ఈ కౌంటీ నేరచరిత్రను కలిపే దారం ఒక్కటే: ఇక్కడ మనిషిని చంపినవాడికి, వాడు 'మనవాడు' అయితే, శిక్ష పడేది కాదు. పడదని అందరికీ ముందే తెలుసు.

ఇది అర్థం కావాలంటే అమెరికా కౌంటీ పద్ధతి తెలియాలి. మన జిల్లాకు ఎస్పీ పైనుంచి వస్తాడు, కొన్నాళ్లకు బదిలీ అవుతాడు. ఇక్కడ షెరీఫ్‌ను కౌంటీ జనమే ఓటేసి ఎన్నుకుంటారు. కేసు వాదించే స్టేట్స్ అటార్నీ కూడా ఓట్లతో గెలిచేవాడే. తీర్పు చెప్పే జ్యూరీలో పన్నెండు మందీ స్థానికులే. 1920లో ఈ కౌంటీ జనాభా దాదాపు 61 వేలు. ఆ 61 వేల మందిలో ఎవరి పక్కింట్లో ఎవరుంటారో, ఎవరి బావమరిది ఏ గనిలో పనిచేస్తాడో అందరికీ తెలుసు.

మొదటి పేరుమోసిన గొడవ కుటుంబ కక్షలతోనే వచ్చింది. 1868 జులై 4న, కార్బండేల్‌కూ కార్టర్‌విల్‌కూ మధ్యలో ఉన్న ఒక సారా దుకాణంలో పేకాట దగ్గర మాటామాటా పెరిగింది. బల్లినర్ కుటుంబం ఒకవైపు, హెండర్సన్ కుటుంబం ఇంకోవైపు. తర్వాత రసెల్, సిస్నీ, క్రెయిన్ కుటుంబాలు కూడా దిగాయి. ఫ్యాక్షన్ కథలు వింటూ పెరిగినవాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు: పొదల చాటు నుంచి కాల్పులు, చీకట్లో కాల్పులు, సాక్షులు నోరు విప్పకపోవడం. 1873 డిసెంబరులో పెద్దాయన జార్జ్ బల్లినర్‌ను చంపారు, మరుసటి మార్చిలో ఆయన కొడుకును. 1875 జులై వచ్చేసరికి ఒకప్పటి షెరీఫ్ సిస్నీని, క్రెయిన్‌విల్‌లోని ఒక దుకాణదారుణ్ణి కూడా చంపేశారు. అప్పటికి రాష్ట్రమంతా ఈ కౌంటీ పేరు మారుమోగింది. బహుమతులు ప్రకటించాక ఒకడు దొరికి అంతా కక్కేశాడు. మార్షల్ క్రెయిన్ అనే కుర్రాణ్ణి 1876 జనవరి 21న మేరియన్‌లో ఉరితీశారు. దాంతో ఆ కక్షలు చల్లబడ్డాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి: శిక్ష పడింది, గొడవ ఆగింది. తర్వాతి యాభై ఏళ్లలో అది మళ్లీ జరగడం చాలా అరుదు.

ఆ తర్వాత బొగ్గు వచ్చింది. బొగ్గుతో పాటు యూనియన్ వచ్చింది. గనికార్మికుడికి ఇక్కడ యూనియన్ అంటే కూలి పెంచే సంఘం ఒక్కటే కాదు, ఇంటి పరువు. 1899లో కార్టర్‌విల్ దగ్గర శామ్యూల్ బ్రష్ అనే గని యజమాని సమ్మెను విరగ్గొట్టడానికి టెనెసీ తదితర చోట్ల నుంచి నల్లజాతి కార్మికులను రప్పించాడు. జూన్ 30న వాళ్లు వస్తున్న రైలు మీద కాల్పులు జరిపి ఒక కార్మికుడి భార్యను చంపారు. సెప్టెంబరు 17న, ఊళ్లోని స్టేషన్‌కు నడిచివెళ్లిన నల్లవాళ్లలో ఐదుగురిని కాల్చేశారు. కేసులు నడిచాయి. ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఇక మీ ఇంట్లోవాళ్లు చదివింది ఎక్కువగా 1922 నాటి హెరిన్ మారణకాండ గురించే అయ్యుంటుంది. అది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నెట్‌లో సగం చోట్ల 'యూనియన్ రౌడీలు' అనీ, మిగతా సగం చోట్ల 'కంపెనీ దుర్మార్గం' అనీ ఒక్క ముక్కలో ముగించేస్తారు.

1922 ఏప్రిల్ 1న దేశమంతా బొగ్గుగనుల సమ్మె మొదలైంది. హెరిన్, మేరియన్ ఊళ్ల మధ్య విలియమ్ లెస్టర్ అనే ఆయనకు ఓపెన్‌కాస్ట్ గని ఉంది. కొత్త వ్యాపారం, నెత్తిన అప్పులు. బొగ్గు తవ్వి కుప్ప పోసుకుంటాను, సమ్మె అయ్యేదాకా ఊరు దాటించను అని యూనియన్‌తో మాట కుదుర్చుకున్నాడు. జూన్‌కు 60 వేల టన్నులు పోగయ్యాయి. సమ్మె వల్ల బొగ్గు ధర ఆకాశంలో ఉంది. ఆశ ఆగలేదు. యూనియన్ వాళ్లను పంపించేసి, షికాగో నుంచి బయటి కూలీలను, తుపాకులు పట్టిన గార్డులను దించాడు. జూన్ 16న బొగ్గు వ్యాగన్లు కదిలాయి. గార్డులు దారినపోయే రైతులను కూడా ఆపి దబాయించారు. ఆ కూలీలను మామూలు సమ్మె ద్రోహుల్లాగే చూడొచ్చు అన్న అర్థంలో జాతీయ యూనియన్ అధ్యక్షుడు జాన్ ఎల్. లూయిస్ నుంచి టెలిగ్రామ్ వచ్చింది. దాన్ని ఊరూరా చదివి వినిపించారు.

అప్పటి షెరీఫ్ మెల్విన్ థాక్స్‌టన్ ఒకప్పటి గనికార్మికుడు. పైగా ఆ ఏడాది కౌంటీ ట్రెజరర్ పదవికి పోటీ చేస్తున్నాడు. ఓటర్లలో ఎక్కువమంది ఎవరు? గనికార్మికులు, వాళ్ల ఇళ్లవాళ్లు. సైన్యాన్ని పిలిపించమని రాష్ట్రం నుంచి వచ్చిన కర్నల్ చెబుతున్నా ఆయన నాన్చాడు. జూన్ 21న హెరిన్, మేరియన్ ఊళ్లలోని హార్డ్‌వేర్ దుకాణాల్లో తుపాకులు, తూటాలు ఎత్తుకుని వందలాది మంది గనిని చుట్టుముట్టారు. కాల్పుల్లో ముగ్గురు యూనియన్ కార్మికులకు ప్రాణాంతకమైన గాయాలయ్యాయి. ఆ రాత్రి షెరీఫ్ గని దగ్గరికి వెళ్లనేలేదు.

తెల్లారి లోపలున్న యాభై అరవై మంది లొంగిపోయారు. ప్రాణాలతో కౌంటీ దాటిస్తామని మాటిచ్చి హెరిన్ వైపు నడిపించారు. గని సూపరింటెండెంట్ మెక్‌డోవెల్‌కు ఒక కాలు చెక్కది. వేగంగా నడవలేక వెనకబడ్డాడు. పక్కకు తీసుకెళ్లి కాల్చేశారు. మిగిలినవాళ్లను పవర్‌హౌస్ దగ్గర ముళ్లకంచె ముందు నిలబెట్టి, పరిగెత్తండి అన్నారు. పరిగెత్తారు. కొందరు కంచెలో చిక్కుకుని అక్కడే చనిపోయారు, కొందరిని అడవిలో వెంటాడి చంపారు. దొరికిన ఆరుగురిని ఒకే తాడుకు కట్టి హెరిన్ శ్మశానం దగ్గరకు తీసుకెళ్లి కాల్చారు, ఇంకా ఊపిరి ఉన్నవాళ్ల గొంతులు కోశారు. చావుబతుకుల్లో ఉన్న ఒకడికి నీళ్లివ్వబోయిన పత్రికా విలేకరిని తుపాకీ చూపించి ఆపారు. తర్వాత శవాలను ఊళ్లో ఒక ఖాళీ దుకాణంలో వరసగా పెడితే జనం పిల్లల్ని చంకనేసుకుని చూడటానికి వచ్చారు. రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు 23 మంది. అందులో 20 మంది బయటి నుంచి వచ్చినవాళ్లే.

ఇదంతా పట్టపగలు, వందల మంది కళ్ల ముందు జరిగింది. అయినా కరోనర్ జ్యూరీ (అనుమానాస్పద మరణాల కారణం తేల్చే స్థానికుల బృందం) ఈ చావులకు కారణం బొగ్గు కంపెనీ అధికారుల చర్యలేనని తేల్చింది. తర్వాత 200కు పైగా అభియోగాలు నమోదయ్యాయి. స్టేట్స్ అటార్నీ డెలోస్ డ్యూటీ నిజాయితీగానే వాదించాడు. మొదటి విచారణలో ఐదుగురు, రెండో విచారణలో ఆరుగురు. సాక్షులు బోనెక్కి వీళ్లే చంపారని వేలు పెట్టి చూపించారు. డిఫెన్స్ తరఫున అంతకు రెట్టింపు మంది వచ్చి, ఆ సమయంలో అతను మా వాకిట్లోనే ఉన్నాడని చెప్పారు. 1923 ఏప్రిల్ నాటికి వాళ్లందరూ విడుదలయ్యారు. ఇక్కడ శిక్ష పడేలా లేదని మిగతా కేసులన్నీ ఎత్తేశారు.

లెస్టర్ తప్పు లేదా అంటే, ఉంది. మాట తప్పింది ఆయనే, తుపాకులు తెచ్చింది ఆయనే. ఆయనకూ ఏ శిక్షా పడలేదన్నది వేరే సంగతి. చనిపోయిన ఆ ఇరవై మందిలో చాలామందికి తాము సమ్మె మధ్యలోకి వెళుతున్నామన్న సంగతే సరిగా తెలియదు. పని ఉందంటే వచ్చినవాళ్లు.

దేశమంతా ఈ కౌంటీ మీద దుమ్మెత్తిపోసింది. ఇక్కడి చర్చి పెద్దలు, వ్యాపారులు తలెత్తుకోలేకపోయారు. మద్యనిషేధం 1920 నుంచి అమల్లో ఉన్నా దొంగసారా విచ్చలవిడిగా పారుతోంది, కొత్త షెరీఫ్ జార్జ్ గాలిగన్ చూసీచూడనట్టు ఉన్నాడు. సరిగ్గా ఆ సందులో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముసుగు సంఘం దూరింది. 1923 మేలో ముసుగులు వేసుకున్నవాళ్లు మేరియన్‌లో ఒక చర్చి సభలోకి నడిచొచ్చి ప్రచారకుడి చేతిలో డబ్బు పెట్టి వెళ్లారు. జనం మెచ్చుకున్నారు. చట్టం పనిచేయని చోట మేం పనిచేస్తాం అన్నది వాళ్ల మాట. ఇక్కడ వాళ్ల గురి ఎక్కువగా కేథలిక్కుల మీద, హెరిన్‌లోని ఇటాలియన్ గనికార్మికుల మీద. వాళ్ల ఇళ్లల్లో వైన్ ఉండేది.

క్లాన్ వాళ్లు గ్లెన్ యంగ్ అనే మాజీ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) మద్యనిషేధ ఏజెంటును తెచ్చుకున్నారు. మిలిటరీ వేషం, నడుముకు రెండు పిస్తోళ్లు. 1923 డిసెంబరు 22 రాత్రి వందల మంది కలిసి వంద దాకా సారా అడ్డాల మీద పడ్డారు. దాడులు ఇళ్లలోకీ పాకాయి. సోదాల్లో డబ్బూ నగలూ పోయాయని ఇటాలియన్లు మొత్తుకున్నారు. 1924 ఫిబ్రవరిలో ఒక క్లాన్ కానిస్టేబుల్ చనిపోతే, ఆ కోపంతో హెరిన్ ఆసుపత్రి మీద రాత్రంతా కాల్పులు జరిపారు. లోపల రోగులున్నారు. యంగ్ ఏకంగా హెరిన్ ఊరిని తన చేతుల్లోకి తీసుకుని షెరీఫ్‌నే అరెస్టు చేశాడు. నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సైనిక దళం వచ్చి సర్దాల్సి వచ్చింది. ఆ ఆగస్టులో ఒక గ్యారేజీ దగ్గర మళ్లీ కాల్పులు. 1925 జనవరి 24న హెరిన్‌లోని యూరోపియన్ హోటల్ సిగార్ల దుకాణంలో యంగ్, షెరీఫ్ డిప్యూటీ ఓరా థామస్ ఎదురుపడి కాల్చుకున్నారు. వాళ్లిద్దరితో పాటు ఇంకో ఇద్దరు పోయారు. 1926 ఏప్రిల్ 13న పోలింగ్ రోజు కాల్పుల్లో మరో ఆరుగురు. క్లాన్ కథ అక్కడితో దాదాపు సరి.

వీటికి ఎవరికి శిక్ష పడిందని అడగొద్దు.

క్లాన్ పోయాక మిగిలింది మద్యం, స్లాట్ మెషీన్లు, వాటి డబ్బు. చార్లీ బర్గర్ అని రష్యా సామ్రాజ్యం నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన యూదుడు. అశ్వికదళంలో పనిచేసి వచ్చాడు. పక్కనున్న హారిస్‌బర్గ్‌లో ఇల్లు, అక్కడి పేదలకు బొగ్గు, తిండి ఇచ్చే దొరబాబు. మేరియన్‌కూ హారిస్‌బర్గ్‌కూ మధ్య రోడ్డు పక్కన 'షేడీ రెస్ట్' అనే అడ్డా అతనిదే. కార్ల్, ఎర్ల్, బెర్నీ అనే షెల్టన్ అన్నదమ్ములతో మొదట పొత్తు, 1926లో డబ్బు దగ్గర పగ. రెండు ముఠాలూ లారీలకు ఇనుప రేకులు తొడిగి యుద్ధ ట్యాంకుల్లా తిప్పాయి. నవంబరు 12న షెల్టన్ల తరఫున ఒక చిన్న విమానం వచ్చి షేడీ రెస్ట్ మీద డైనమైట్ బాంబులు పడేసింది. గురి కుదరలేదు. చచ్చింది ఒక బుల్‌డాగ్, ఒక పెంపుడు గద్ద. ఈ ముక్క చదివి నవ్వుకుంటారు గానీ, రెండు నెలలు తిరక్కుండానే అదే షేడీ రెస్ట్ కాలి బూడిదై అందులో నాలుగు శవాలు దొరికాయి.

బర్గర్‌ను ముంచింది మాత్రం రెండు హత్యాకాండలు. 1926 డిసెంబరులో పక్కనున్న ఫ్రాంక్లిన్ కౌంటీలోని వెస్ట్ సిటీ మేయర్ జో ఆడమ్స్‌ను, ఉత్తరం తెచ్చామని తలుపు కొట్టిన ఇద్దరు కుర్రాళ్లు గుమ్మంలోనే కాల్చేశారు. మరుసటి నెలలో లోరీ ప్రైస్ అనే హైవే పోలీసు, స్కూల్ టీచరైన అతని భార్య ఎథెల్ మాయమయ్యారు. దొంగిలించిన కార్లను బర్గర్ మనుషులు దాచడం, ప్రైస్ వాటిని 'పట్టుకుని' బహుమతి డబ్బు పంచుకోవడం అనే దందా ఉందని అప్పటికే చెప్పుకునేవారు. అతని శవం పొలంలో దొరికింది. ఎథెల్ శవం జూన్‌లో మేరియన్ దగ్గర ఒక పాడుబడ్డ గని గొయ్యిలో, మట్టీ చెత్తా తవ్వి తీస్తే బయటపడింది. ఊరు తట్టుకోలేకపోయింది. బర్గర్ దాతృత్వం గురించి కథలు చెప్పినవాళ్లు కూడా నోరు మూసుకున్నారు.

ఇక్కడే నా దారం మళ్లీ కనిపిస్తుంది. బర్గర్‌ను విచారించింది విలియమ్సన్ కోర్టు కాదు. ఆడమ్స్ హత్య జరిగింది కౌంటీ గీత అవతల కాబట్టి కేసు ఫ్రాంక్లిన్ కౌంటీ కేంద్రమైన బెంటన్‌లో నడిచింది. అక్కడి జ్యూరీ ఉరిశిక్ష వేసింది, అదీ స్వయంగా తుపాకీ పేల్చనివాడికి, చంపించినందుకు. 1928 ఏప్రిల్ 19న, జైలు పక్కన, జనం చూస్తుండగా ఉరితీశారు. ఇల్లినాయ్‌లో బహిరంగంగా జరిగిన ఆఖరి ఉరి అది. తెల్ల ముసుగు వద్దు, క్లాన్ వాళ్లది అలాగే ఉంటుంది, నల్లది వెయ్యండి అన్నాడట. ఆ జైలు ఇప్పుడు మ్యూజియం. ఉరికంబం నమూనా కూడా పెట్టారు. మీ తమ్ముడికి ఆసక్తి ఉంటే ఓ శనివారం వెళ్లి రావచ్చు.

నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా పెద్ద కుంభకోణంగా కనిపించేది ఇది. 1924లో క్లాన్ మద్దతుతో స్టేట్స్ అటార్నీగా గెలిచిన ఆర్లీ బాస్వెల్, మద్యనిషేధాన్ని అమలు చేయడానికే వచ్చినవాడు, 1929లో దొంగసారా వాళ్లతో కుమ్మక్కయ్యాడని ఫెడరల్ కోర్టులో దోషిగా తేలి లెవెన్‌వర్త్ జైలుకు వెళ్లాడు. అంతకుముందు యంగ్ ఊరిని పీడించింది కూడా ఆ చట్టం పేరు చెప్పే కదా. బాస్వెల్‌ను పట్టుకున్నది కూడా స్థానిక జ్యూరీ కాదు, ఫెడరల్ కోర్టు. అదే ఏడాది ఎథెల్ ప్రైస్ హత్యకు మాత్రం బర్గర్ మనుషులు విలియమ్సన్ కోర్టులోనే నేరం ఒప్పుకుని యావజ్జీవ శిక్షలు తీసుకున్నారు. ఆ తర్వాత ఈ స్థాయి రక్తపాతం మళ్లీ లేదు. గనులు మూతపడటం, మద్యనిషేధం ఎత్తేయడం కూడా దానికి కారణాలే, ఒక్క తీర్పులకే ఘనత ఇవ్వలేం.

షెల్టన్లు ఏమయ్యారంటే, కార్ల్ 1947లో, బెర్నీ 1948లో కాల్పుల్లోనే పోయారు, వేరే ఊళ్లల్లో.

ఇప్పటి సంగతి. మేరియన్‌కు ఇంకో పేరు కూడా నెట్‌లో తగులుతుంది: ఫెడరల్ జైలు. పేరుమోసిన ఆల్కట్రాజ్ జైలు మూసేసిన 1963లోనే అది తెరిచారు. 1983 అక్టోబరులో ఒకే రోజు ఇద్దరు గార్డులను ఖైదీలు చంపడంతో ఏళ్ల తరబడి ఖైదీలను రోజంతా గదుల్లోనే ఉంచే పద్ధతి అక్కడ మొదలైంది. అది చూసే తర్వాత సూపర్‌మాక్స్ అనే అత్యంత కట్టుదిట్టమైన జైళ్లు కట్టారు. దానికీ ఊరి జీవితానికీ సంబంధం లేదు. అక్కడ పనిచేసేవాళ్లు మీకు వాల్‌మార్ట్‌లో కనిపిస్తారు, అంతే.

కౌంటీ జనాభా ఇప్పుడు 67 వేల చిల్లర. అమెరికా పల్లె ప్రాంతాల్లో చాలా చోట్ల ఉన్నట్టే ఇక్కడా మత్తుమందుల బెడద, దానివల్ల చిల్లర దొంగతనాలు ఉన్నాయి. కారులో ల్యాప్‌టాప్ వదిలేయొద్దని చెప్పండి. సాయంత్రం చీకటిపడే వేళ రోడ్డు మీదికి జింకలు దూకుతాయి, అది నిజంగా ప్రాణాంతకం, జాగ్రత్త.

ఒక మర్యాద కూడా చెప్పండి. హెరిన్ గురించి అక్కడివాళ్లతో హాస్యంగా మాట్లాడొద్దు. ఆ రోజు తుపాకీ పట్టినవాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు. చనిపోయినవాళ్లలో చాలామందిని దిక్కులేని శవాల చోట పూడ్చి, గుర్తులు కూడా పెట్టకుండా వదిలేశారు. కొన్నేళ్ల కిందట పరిశోధకులు పట్టుబట్టి ఆ చోటు కనిపెట్టాకే, 2015లో అక్కడ పేర్లతో రాయి పెట్టారు. అప్పుడు కూడా ఊళ్లో అందరికీ ఇష్టం లేదు.

చివరగా అద్దె లెక్క. మేరియన్ నుంచి కార్బండేల్ క్యాంపస్ దాదాపు 17 మైళ్లు. కారు లేకుండా రోజూ క్లాసులకు వెళ్లిరావడం చాలా కష్టం, సిటీ బస్సుల మీద ఆధారపడే ఊరు కాదిది. కారు, ఇన్సూరెన్స్, పెట్రోలు కలిపితే మిగిలే అద్దె ఎటుపోతుందో కాగితం మీద వేసి చూడమనండి. మొదటి సెమిస్టరు కార్బండేల్‌లోనే ఎవరితోనైనా గది పంచుకుని, కారు కొన్నాక మేరియన్ ఆలోచన చేయడం మంచిదని నా సలహా.